రావమ్మక్క పద్నాలుగు అంకెలు

మా ఫ్లెక్సీ మిషను నడుస్తున్నప్పుడు పెళ్ళిమేళమూ చావుమేళమూ ఒకలాగే వినిపిస్తాయి. ఆ మంగళవారం పొద్దున మా చెల్లెలు నాహిద్ షాపు గుమ్మంలో నిలబడి, ఫోను చెవికి ఆనించుకుని, నా వైపు తిరిగి ఏదో అరిచింది. నాకు వినబడింది ఇది:

"భయ్యా! నెమలి మందు పట్టుకున్నారంట!"

తిరువూరులో నెమలి అంటే పక్షి కాదు, పక్కనున్న ఊరు. మందు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. నా గొంతు సంగతి కూడా బస్టాండు చుట్టుపక్కల చెప్పనక్కర్లేదు. సభల్లో మైకు మొరాయిస్తే నన్ను పిలుస్తారు. రోడ్డు మీదికి వచ్చి, వరుసగా ఆగిన షేర్ ఆటోల వైపు చెయ్యెత్తి కేకేశాను.

"ఒరేయ్, నెమలిలో మందు పట్టుకున్నారంటరోయ్! దారంతా చెకింగు! నెమలికి పోయేవాళ్ళెవరూ పురి విప్పకండి, సంచీ అసలే విప్పకండి!"

బయల్దేరబోతున్న ఆటోలోంచి ఇద్దరు పెద్దమనుషులు సంచులు చంకన పెట్టుకుని దిగి, ఎటో పనున్నట్టు సందులోకి వెళ్ళిపోయారు. వెనక సీట్లో ఒక ముసలమ్మ, "నేను వేణుగోపాలస్వామి దగ్గరికి పోతున్నా నాయనా, నా సంచీలో కొబ్బరికాయే ఉంది, చూసుకో" అని నాకే విప్పి చూపించింది. "రెండు సీట్లు దింపేశావ్ గదా భాయ్, ఇప్పుడు నువ్వెక్కు" అన్నాడు డ్రైవరు. నేను పొట్ట పట్టుకుని నవ్వుతున్నాను.

నాహిద్ లోపలికి వెళ్ళి మిషను ఆపింది. ఒక్కసారిగా ఊరంతా నిశ్శబ్దమైనట్టనిపించింది.

"నెమలి కాదు భయ్యా, నకిలీ. నకిలీ మందు. నిన్న గంపలగూడెంలో విశ్వతేజ షెడ్డు మీద ఆయుష్ ఇన్‌స్పెక్టరు పడిందంట. కీళ్ళ నొప్పుల పొడి డబ్బాలన్నీ తీసుకుపోయారంట."

నవ్వు ఆపేసి షాపులోకి వచ్చాను.

విశ్వతేజ డబ్బా మీద ప్రతి అక్షరమూ నాది.

పత్తిరైతు కొడుకు విశ్వతేజ, ఎంబీయే చదివాడు. ఎనిమిది నెలల కిందట ఒక కవరులో గోధుమరంగు పొడి తెచ్చి మా బల్ల మీద పెట్టాడు. "కీళ్ళ నొప్పులకి భాయ్. అన్నీ వేళ్ళూ ఆకులే. లేబులు అదిరిపోవాలి" అన్నాడు. "లేబులంటే ఏంటనుకున్నావ్ తేజా? లేని బలం!" అన్నాను. ఇంకేముంది, నాకు పూనకం వచ్చింది. పెద్దక్షరాల్లో 'వాతానికి వాత' అని పేరు పెట్టాను. దాని కింద 'మూలపడ్డవారిని లేపే మూలికలు' అన్నాను. 'మీ మనసు చూరగొనే చూర్ణం' అన్నాను. ఆఖరున, ఎర్రటి చుక్కలో, 'పక్క ప్రభావాలు లేవు, పక్కా!' అని వేశాను.

పక్క ప్రభావాలు లేవని నాకెలా తెలుసు? పక్కకి పక్కా కుదిరింది. అంతే తెలుసు.

అక్కడితో ఆగినా బాగుండేది. మా పనిలో లేబులు ఎవరూ మొదట్నుంచి గీయరు. పాత గిరాకీ లేబులు తెరిచి, పేరు మార్చి, బొమ్మ మార్చి, కొత్త పేరుతో దాచుకోవడమే. ఆ రోజు తెరిచింది ఎ.కొండూరు రావమ్మక్క ఆవకాయ లేబులు. డబ్బా కొలత సరిగ్గా అదే. మామిడికాయ తీసేసి వేరు బొమ్మ పెట్టాం. ఎరుపు తీసేసి పచ్చ పోశాం. అడుగున చీమ తలకాయంత అంకెల దగ్గరికి వచ్చేసరికి నాహిద్ ఆగింది.

"భయ్యా, ఇక్కడ రావమ్మక్క ఫుడ్ లైసెన్సు నంబరుంది. తీసెయ్యనా?"

"నీ నంబరేది తేజా?" అన్నాను.

"అప్లై చేశాం భాయ్, వచ్చేస్తుంది. అప్పటిదాకా అది ఉండనీ. కింద అంకెల్లేకపోతే డబ్బా బోసిగా ఉంటుంది."

"ఉండనీ నాహిద్. అంకెలుంటే అందం. అంత కిందికి వంగి ఎవడు చదువుతాడు? వంగగలిగినవాడికి ఈ పొడెందుకు?"

విశ్వతేజ పగలబడి నవ్వాడు. నాహిద్ మౌసు మీద చెయ్యి తియ్యకుండా నా వైపు చూసింది. నేను టీకి వెళ్ళిపోయాను.

ఇదీ జరిగింది. అందుకే ఆ మంగళవారం, ఆగిపోయిన మిషను పక్కన, నాహిద్ ఫోనులో చూసి చదువుతుంటే ఒక్కో వాక్యం మళ్ళీ చదివించుకున్నాను. వేళ్ళ పొడిలో స్టెరాయిడ్ మాత్రలు నూరి కలిపాడట. వేసుకున్న పూటే నొప్పి మాయం. నెలల తరబడి వేసుకుంటే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది. గంపలగూడెం వైపు ఎవరో పెద్దాయన షుగరు ఆకాశానికెక్కి ఆసుపత్రిలో పడితే, అక్కడి డాక్టరు డబ్బా చూసి అనుమానపడ్డాడట. అక్కణ్ణుంచి డబ్బా ల్యాబుకి వెళ్ళింది. మూలికల మందు మీద కేసు పడటం మా వైపు ఇదే మొదలు. పచ్చరంగు డబ్బా ఎవరిదైనా, ఇన్నేళ్ళూ ఎవరూ తిప్పి చూడలేదు.

ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది అన్న చోట నాహిద్ ఆగింది. మా ఆవిడ దౌలత్‌బీ ఐదు నెలలుగా ఆ పొడి తింటోంది. రెండు నెలలుగా నేను ఆమెని చూసి, "ఈద్‌కి నెలవంక కోసం జనం డాబాలెక్కుతారు, నా ఇంట్లో ఏకంగా పున్నమే" అంటున్నాను.

మధ్యాహ్నం పన్నెండింటికి రావమ్మక్క వచ్చింది. బస్సు దిగి ఎండలో నడిచొచ్చిన మనిషి, కూర్చోకుండానే చీర కొంగు ముడి విప్పి ఒక కాగితం నా చేతిలో పెట్టింది.

"తమ్ముడూ, ఇంగ్లీషు కాయితం. చదివి పెట్టు."

చుట్టుపక్కల పల్లెల్లో బ్యాంకు కాగితమొచ్చినా, కోర్టు కాగితమొచ్చినా నా దగ్గరికే తెస్తారు. అది నోటీసు. కళ్ళతోనే చదివాను. విశ్వతేజ అనే వ్యక్తి, తన మందుకి రావమ్మ గారు తన లైసెన్సు నంబరు వాడుకోనిచ్చారని చెప్పాడు. దీనికి ఆమె జవాబు చెప్పుకోవాలి. తేలేవరకూ ఆమె సరుకు అమ్మకూడదు.

"పొద్దున్నే ఇద్దరొచ్చారు" అంది అక్క. "జాడీలకీ బేసిన్లకీ కాయితాలంటించి సీలేశారు. ఆవకాయంటే ఆగుతుంది. మాగాయ ముక్కలు మూడ్రోజుల్నుంచి ఉప్పులో ఊరుతున్నయ్. రేపు పిండి ఎండలో పొయ్యకపోతే మొత్తం పారబోసుకోవడమే. ఏం రాశారు తమ్ముడూ? నా నంబరు గురించి ఏదో అన్నారు."

రావమ్మక్కకి తన ఫోను నంబరు నోటికి రాదు. లైసెన్సు నంబరు వస్తుంది. భర్త పోయాక ఆరుగురు ఆడవాళ్ళని కూడగట్టుకుని షెడ్డు వేసింది. ఆ కాగితం కోసం విజయవాడ ఎన్నిసార్లు తిరిగిందో నాకు తెలుసు, దరఖాస్తు నింపింది నేనే. వచ్చిన రోజు దాన్ని ప్లాస్టిక్కు వేయించి దేవుడి పటం పక్కన పెట్టుకుంది. ఇప్పుడు నా ఎదురుగా నిలబడి, వేళ్ళు ముడుస్తూ, ఆంజనేయ దండకంలా ఆ అంకెలు చెప్పడం మొదలుపెట్టింది. నేను నోటీసులో ఒక్కొక్కటే చూస్తూ పోయాను. పద్నాలుగుకి పద్నాలుగూ కలిశాయి.

"అదేనా?"

"అదే అక్కా."

"నా నంబరు కాళ్ళొచ్చి గంపలగూడెం నడిచిపోయిందా?"

"ఏదో పొరపాటు" అన్నాను. పొరపాటు మంచి మాట. అందులో మనిషి ఉండడు.

"కిందటేడు సంక్షేమ సంఘం వాళ్ళకి కావాలంటే జిరాక్సుకి మా షెడ్డులో చిట్టెమ్మని పంపా. ఆ పిచ్చిది ఎవరికైనా ఇచ్చిందేమో?"

కంప్యూటరు ముందు నాహిద్ వేళ్ళు ఆగిపోవడం నాకు వినబడింది.

"అయ్యుండొచ్చు అక్కా" అన్నాను.

అక్క తలూపింది. "రేపు పదింటికి ఇన్‌స్పెక్టరమ్మ మళ్ళీ వస్తుందంట. నువ్వు రా తమ్ముడూ. నాకు మాటలు రావు. నీకైతే వద్దన్నా వస్తయ్" అని, వెళ్తూ వెళ్తూ సంచీలోంచి కొత్తావకాయ సీసా తీసి బల్ల మీద పెట్టింది. సీలు వెయ్యకముందు నాకోసం పక్కన పెట్టిందట.

ఆమె రోడ్డు దాటాక నాహిద్ కుర్చీ తిప్పింది.

"చిట్టెమ్మ ఏం చేసింది భయ్యా?"

"నేను అయ్యుండొచ్చు అన్నా. అయింది అన్లేదుగా."

"ఫైలు ఇంకా ఉంది. తేదీతో సహా."

"తీసెయ్."

"నువ్వే తీసుకో. ఆ రోజు తీసెయ్యనా అని నేనడిగా. ఇంక అడగను."

ఆమె లేచి కుర్చీ నాకిచ్చింది. నేను కూర్చున్నాను. ఫైలు మీద బాణం పెట్టి నొక్కాను. నిజంగానే తీసెయ్యమంటారా అని అడిగింది కంప్యూటరు. ఈ షాపులో నన్ను అడగనిది ఏదీ లేదు. నేను ఆ ప్రశ్న ముందు కూర్చుని ఉండగా ఫోను మోగింది. తెలియని నంబరు.

"భాయ్, నేను. తేజని." గొంతు మామూలుగానే ఉంది. "టెన్షన్ పడకు. నీ పేరు నేనెక్కడా ఎత్తలా. డబ్బా మీద ప్రింటరు పేరు లేదుగా. నంబరు ఆవిడే ఇచ్చిందని చెప్పా."

"ఆవిడ ఇవ్వలేదు తేజా."

"నాకు తెలీదా? ఆవిడ కాదంటుంది, నేను అవునంటా, ఏళ్ళ తరబడి నడుస్తది. నిన్నెవరన్నా అడిగితే అచ్చుతప్పు అని చెప్పు. ప్రెస్సుల్లో మామూలేగా."

"మా ఆవిడ తింటోందిరా ఆ పొడి."

"ఆపెయ్యమను."

"ఉన్నట్టుండి ఆపితే ప్రాణానికే ప్రమాదమంట. నాహిద్ చదివింది."

"అవన్నీ నాకేం తెలుసు భాయ్, నేనేమన్నా డాక్టర్నా?"

"మరి మాత్రలు నూరేటప్పుడు నువ్వెవరివి?"

ఫోను పెట్టేశాడు. బాగా అడిగాననుకున్నాను. ఆ సంతోషం అర నిమిషం ఉంది. లేబులు రాసేటప్పుడు నేనెవరిని?

ఇంటికి వెళ్ళేసరికి దౌలత్‌బీ అన్నం పెట్టి, అలమరా దగ్గర వెతుకుతోంది. భోజనానికి ముందు చెంచాడు పొడి గోరువెచ్చని నీళ్ళలో కలుపుకోవడం ఆమెకి అలవాటు. "ఏమండీ, డబ్బా ఇక్కడే పెట్టాను, తీశారా?"

డబ్బా నా సంచీలో ఉంది. పొద్దున విన్న వెంటనే వచ్చి తీసేశాను, చెప్పకుండా. ఇప్పుడు చెప్పాను. కూర్చోబెట్టి, ఏం కలిపారో, ఏం చేస్తుందో చెప్పాను. ఆమె తన బుగ్గల్ని రెండు అరచేతుల్తో పట్టుకుని చూసుకుంది.

"మెట్లెక్కితే ఆయాసమొస్తోందని మీకు చెప్పానుగా."

"చెప్పావ్."

"పక్కింటి వాళ్ళు చెప్తే తినేదాన్ని కాదు. టీవీలో వస్తే తినేదాన్ని కాదు. డబ్బా మీద మీరు రాశారు, తిన్నా."

"దౌలత్, అది రాయడం కాదే, ఏదో ప్రాస..." అంటూ నవ్వించబోయాను.

"ఇప్పుడొద్దు" అంది.

పాతికేళ్ళ కాపురంలో నా మాటకి ఆమె చెయ్యి అడ్డం పెట్టడం అదే మొదలు. కంచం నా ముందుకి జరిపి, తను తినకుండా కూర్చుంది. రావమ్మ సంగతేంటని అడిగింది. అదీ చెప్పాను, చిట్టెమ్మ దాకా.

"ఇవాళే డాక్టరు దగ్గరికి నాహిద్‌ని తీసుకుని పోతా. మీరు రాకండి. రేపు ఎ.కొండూరు మాత్రం పోండి."

మర్నాడు నేను బండి తీస్తుంటే నాహిద్ వచ్చి నా చొక్కా జేబులో, నేను తీసెయ్యలేకపోయిన ఆ ఫైలున్న పెన్‌డ్రైవ్ పడేసి వెళ్ళింది.

రావమ్మక్క షెడ్డు ముందు జీపు ఆగి ఉంది. లోపల ఒకవైపు సీలు కాగితాలంటించిన జాడీలు, మరోవైపు గోడకి ఆనుకుని ఆరుగురు ఆడవాళ్ళు. మధ్యలో పెద్ద బేసిన్లలో మాగాయ ముక్కలు, ఉప్పునీళ్ళలో మునిగి, పుల్లటి వాసన కొడుతున్నాయి. విస్సన్నపేటలో రావమ్మక్క సరుకు అమ్మే కొట్టాయన పచ్చడి డబ్బాల పెట్టె వెనక్కి తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు పేరు సౌజన్య. ముప్పై అయిదేళ్ళుంటాయి. మా ఫ్లెక్సీల అడుగున దాతల పేర్ల ముందు 'సౌజన్యం' అని వెయ్యడం మా ఆచారం. ఆ అడుగు ఎవరూ చదవరు. ఈ సౌజన్య మాత్రం చదవడం అడుగునుంచే మొదలుపెడుతుంది. బల్ల మీద ఆవకాయ డబ్బా, పొడి డబ్బా పక్కపక్కన పెట్టి, వంగి, కింది వరస చూస్తోంది.

"నమస్తే మేడం! ఊరగాయకి ఊరికే గాయం చేశారు గదండీ!" అన్నాను. అలవాటు. నోరు ముందు వెళ్ళింది, నేను వెనక వెళ్ళాను.

ఎవరూ నవ్వలేదు. ఆవిడ తలెత్తి, "మీరెవరండీ?" అంది.

"మొహిద్దీన్. తిరువూర్లో నా లేబుళ్ళేసేది ఈయనే. నా తమ్ముడి లాంటోడు" అంది రావమ్మక్క, ధైర్యం వచ్చినట్టు.

"మంచిది. అయితే ఇది చూడండి." సౌజన్య రెండు డబ్బాలూ నా వైపు తిప్పింది. "ఈ రెండూ ఒకే చేతి పనిలా ఉన్నాయి. ఒకే అక్షరాలు, ఒకే అంచు. ఇది కూడా మీరే వేశారా?"

"మేము రోజుకి బోలెడు వేస్తాం మేడం. ఏదో అచ్చుతప్పు అయ్యుంటుంది."

"పద్నాలుగు అంకెల్లో ఒక్కటి కూడా తప్పు పడలేదండీ. తప్పు లేని అచ్చుతప్పు నేనింతవరకూ చూళ్ళేదు." ఆవిడ గొంతు పెంచలేదు. రావమ్మక్క వైపు తిరిగింది. "అమ్మా, డబ్బా చూసి నంబరు ఎవరైనా రాసుకోవచ్చు గాని, మీరే ఇచ్చారని అతను చెప్తున్నాడు. ఎవరికి ఇచ్చారో చెప్పండి. మీరు చెప్పకపోతే మీరే ఇచ్చారని నేను రాసుకోవాల్సి వస్తుంది. అప్పుడు ఈ లైసెన్సు ఉండదు."

రావమ్మక్క గోడవైపు తిరిగింది.

"చిట్టెమ్మా, లేచి రా. జిరాక్సు తీయించడానికి పోయినప్పుడు కాయితం ఎవరికిచ్చావే? నిజం చెప్పు, నిన్నేమీ అనను. మొహిద్దీన్ కూడా అయ్యుండొచ్చన్నాడు."

చిట్టెమ్మ లేచింది. చేతులకి ఇంకా ఉప్పు అంటుకుని ఉంది. ఆ చేతులతోనే కళ్ళు తుడుచుకోబోయి, మండి, మళ్ళీ దించేసింది.

"నా బిడ్డల మీద ఒట్టమ్మా, ఎవరికీ ఇవ్వలా." నా వైపు తిరిగింది. "సాయిబు గారూ, మీరట్లా అన్నారా? నేను జిరాక్సు తీయించింది మీ షాపులోనే గదా! మీరే తీసి, మీరే ప్లాస్టిక్కు కవర్లో పెట్టి, జాగ్రత్తగా తీసుకుపో అని చెప్పారు గదా!"

షెడ్డులో ఉన్న వాళ్ళంతా నా వైపు చూశారు. నిజమే. నేనే తీశాను. నిన్న 'అయ్యుండొచ్చు' అన్నప్పుడు అది నాకు గుర్తుంది కూడా.

"అన్నాను" అన్నాను. "అబద్ధం అన్నాను."

నా గొంతు అంత చిన్నగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. విస్సన్నపేట కొట్టాయన, "ఏంటి భాయ్, వినపళ్ళా" అన్నాడు.

పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాను. మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టాను. ఫైలు, పాత లేబులు, కొత్త పేరుతో దాచడం అంటే ఆ ఆడవాళ్ళ ముఖాల్లో ఏమీ కదల్లేదు. ఆగాను.

"అమ్మా, అల్లప్పచ్చడి పెట్టిన జాడీ ఖాళీ అయింది. కడక్కుండా అందులో మాగాయ పెడితే ఏమవుతుంది?"

"అల్లం కంపు కొడుతుంది" అంది వరసలో చివరి ఆవిడ.

"నేను చేసింది అదే. రావమ్మక్క లేబులు జాడీలో విశ్వతేజ మందు పెట్టాను. పైన అంతా మార్చాను, అడుగు కడగలేదు. అడుగున అక్క నంబరు ఉండిపోయింది. అక్క ఎవరికీ ఇవ్వలేదు. చిట్టెమ్మ ఎవరికీ ఇవ్వలేదు. ఆ పొడి షెడ్డు మొహం అక్క చూసి ఎరగదు."

"ఓస్, అదా!" అన్నాడు కొట్టాయన, నా మీద జాలిపడి. "మరిచిపోయావన్నమాట. మనుషులన్నాక మరుపు ఉండదా?"

అక్కడ ఆగిపోవచ్చు. మరుపు అని అంతా ఒప్పుకునేవాళ్ళు. సౌజన్య కూడా కలం ఎత్తి నా వైపే చూస్తోంది.

"మరుపు కాదండీ. మా చెల్లెలు కడుగుదామంది. నేను వద్దన్నాను. కింద అంకెలుంటే జనం నమ్ముతారని, అంత కిందికి ఎవరూ చదవరని. ఇది అచ్చుతప్పు కాదు మేడం. అచ్చంగా తప్పు."

నోట్లోంచి వచ్చాక గాని అది అలాంటి మాట అని నాకే తెలియలేదు. ఎవరైనా నవ్వుతారేమోనని భయపడ్డాను. ఎవరూ నవ్వలేదు.

"పొడిలో ఏం కలిపారో మీకు తెలుసా?" అంది సౌజన్య.

"తెలీదు. తెలుసుకోకుండానే 'పక్క ప్రభావాలు లేవు' అని రాశాను. మా ఆవిడ అది చదివి తింది. నిన్న డాక్టరు ఆమెకి పరీక్షలు రాశాడు."

ఆవిడ రెండు పేజీలు రాసుకుంది. చదివి వినిపించి నాతో సంతకం పెట్టించింది. నన్ను సాక్షిగా పిలుస్తారో, ముద్దాయిగా పిలుస్తారో ఇప్పుడే చెప్పలేనంది. తప్పుడు లేబులుకి చట్టంలో వేరే లెక్క ఉందట. తర్వాత షెడ్డులో వాళ్ళని చూసి, "మీ ఇళ్ళల్లో ఎవరైనా ఆ పొడి తింటుంటే పారేసి ఊరుకోకండి. డబ్బా పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళండి. ఉన్నట్టుండి మానేస్తే మనిషి పడిపోతాడు. మెల్లగా ఎలా తగ్గించాలో డాక్టరు చెప్తారు" అంది. గోడ దగ్గర ఇద్దరు ఒకరినొకరు చూసుకున్నారు. అప్పటిదాకా లెక్కపెట్టుకోని గుండ్రటి ముఖాలు ఎన్నో నా కళ్ళముందుకి వచ్చాయి.

రావమ్మక్క మీద రాసుకున్నది ఆవిడ కొట్టేసింది. ఆవకాయ జాడీల సీలు తనిఖీ కాగితాలు పూర్తయ్యాకే తీస్తారట, రెండు మూడు రోజులు పడుతుంది. మాగాయ బేసిన్ల మీద కాగితం మాత్రం తన చేత్తోనే పీకేసింది. "ఎండబెట్టుకోండమ్మా."

ఆడవాళ్ళు ఒక్క ఉదుటున లేచారు. బేసిన్లు బయటికి వెళ్ళాయి. ముక్కలు పిండి చాపల మీద పోస్తున్న చప్పుడు వినిపిస్తోంది. చిట్టెమ్మ నా పక్కనుంచే రెండుసార్లు వెళ్ళింది. నేను ఏదో అనబోయాను. రెండుసార్లూ ఆమె ఆగలేదు.

రావమ్మక్క మాత్రం కూర్చున్నచోటే ఉంది. జీపు వెళ్ళిపోయాక లేచి, తన ఫోను తెచ్చి నా ముందు పెట్టింది.

"మొహిద్దీన్ గారూ" అంది.

ఇరవై ఏళ్ళుగా నేను ఆమెకి తమ్ముణ్ణి. గారు ఎప్పుడూ కాలేదు.

"నిన్నట్నించి పదకొండు కొట్లవాళ్ళు ఫోన్లు చేశారు. రావమ్మ పచ్చట్లో మందు కలిసిందంట గదా అని. నేను కాదంటే నమ్మట్లా. నేరం చేసినోళ్ళంతా కాదనే అంటారంట. అందరి నంబర్లూ ఇందులో ఉన్నయ్. ఒక్కొక్కళ్ళకీ మీరు చెప్పండి. ఇందాక చెప్పినట్టు మొత్తం చెప్పండి. స్పీకర్లో పెట్టండి, చిట్టెమ్మ కూడా వినాలి."

మొదటి నంబరు మైలవరం కొట్టు. నేను వాళ్ళకి దసరా ఫ్లెక్సీలు వేస్తాను.

"నేను మొహిద్దీన్‌నండీ, తిరువూరు నుంచి."

"ఆహా, మొహిద్దీన్ భాయ్!" అవతల ఆయన అప్పుడే నవ్వడం మొదలుపెట్టాడు. "నీ గొంతు వింటేనే పొట్ట కదులుతుందయ్యా. కానీ, ఏంటి ఇవాళ్టి పంచ్?"

"పంచ్ కాదండీ. రావమ్మ గారి పచ్చళ్ళ గురించి."

"ఆఁ, మందు ఆవకాయ! విన్నాంలే. మందులోకి ఆవకాయ నంజుకోవడం చూశాం గాని, ఆవకాయలో మందు..."

"మీరు కాసేపు నవ్వకుండా వినండి. ఆవకాయలో ఏమీ లేదు. ఆవిడ లైసెన్సు నంబరు ఆ మందు డబ్బా మీదికి ఎట్లా వచ్చిందంటే, నేను ఉంచాను. తెలిసే ఉంచాను. ఆవిడ ఇవ్వలేదు. వాళ్ళ చిట్టెమ్మ ఇవ్వలేదు. ఇన్‌స్పెక్టరు గారికి ఇదే రాసి సంతకం పెట్టాను."

బయట చాపల చప్పుడు ఆగింది. అవతల నవ్వు కూడా ఆగింది.

"నిజంగా చెప్తున్నావా?"

"నిజంగానే."

"ఏదీ, మొదట్నుంచి చెప్పు."

మొదట్నుంచి చెప్పాను. తర్వాత ఇంకా పది నంబర్లున్నాయి.